కంప కట్టిన గట్టు

గట్టుకు అడ్డంగా తుమ్మకంప కనబడగానే నాగలింగానికి ఒళ్ళు మండిపోయింది.

కార్తీకం చివరి రోజులు. ఏటేటా ఈ చలి మొదట్లోనే ఏటిగడ్డ మఠం భక్తులు ఉమాపతి కొండకు కాలినడకన వెళ్తారు. ఆ నడకకొక ఆచారం ఉంది. ఒక శిష్యుణ్ణి దారిపెద్దగా ఎంచుకుని శంఖం చేతికిస్తారు. అతను ఎటు తిరిగి శంఖం ఊదితే అందరూ అటే నడవాలి. మఠానికి గురువైన నిరంజనయ్యస్వామి కూడా మారుమాట్లాడకుండా వెనకాల నడవాల్సిందే. ఈ ఏడు ఆ శంఖం నాగలింగం చేతికొచ్చింది. అతనికి కోపం ముక్కు మీదే ఉంటుందని తెలిసి కూడా ఇచ్చారు.

కొండకు రెండు దారులు. కాలువకట్ట మీద పోతే చుట్టు ఎక్కువ, అంతా దుమ్ము, తలదాచుకుందామంటే నీడ ఉండదు. రెండోది పొలాల గట్ల మీది అడ్డదారి. అలా పోతే రేపు అమావాస్య సాయంత్రానికి కొండ చేరొచ్చు. కట్ట మీద పోతే చేరలేరు. నాగలింగం తల్లి పోయి ఏడాది కాలేదు. ఆమె పేర అమావాస్య నాడు కొండ మీద దీపం పెడతానని మొక్కుకున్నాడు. ప్రమిద, ఆవునెయ్యి, తన చేత్తో చేసిన వత్తి అతని మూటలో ఉన్నాయి. ఇంక ఆలోచించడానికేముంది? పొద్దున కాలువ దాటగానే గట్ల వైపు తిరిగి శంఖం ఊదాడు.

సగం దూరం వచ్చాక ఈ కంప. గాలికి కొట్టుకొచ్చింది కాదు. కొమ్మకు కొమ్మ చేర్చి నారతో బిగించి కట్టిన కంప. దాని అవతల ఆదెమ్మ కొడవలి పట్టుకుని నిలబడి ఉంది. కంపకు ఇటూ అటూ ఉన్న మళ్ళు కౌలుకు చేసేది ఆమే. వరి కోతకొచ్చి ఉంది.

తాతల నాటి దారికి కంప కట్టడానికి చేతులెలా వచ్చాయని నాగలింగం నిలదీశాడు. దేవుడి దగ్గరకు పోయేవాళ్ళని ఆపిన పాపం ఊరికే పోదన్నాడు. గట్టు మీదే నడుస్తాం, చేలో కాలు పెట్టం అని కూడా అన్నాడు. ఆదెమ్మ అన్నీ వింది.

“మొన్నొచ్చిన సాములూ గట్టు మీదే నడుత్తామన్నారు. నిన్నొచ్చినోళ్ళూ అదే అన్నారు. కంప తీసుకో, తీసుకుని పో. ఒక్కదాన్ని ఎంతమందినని ఆపను?”

తీసుకో అన్న తీరుకి అతని మంట ఇంకా ఎక్కువైంది. చెయ్యేసి రెండు కొమ్మలు పీకి పారేశాడు. అరచెయ్యి చీరుకుని రక్తం వచ్చింది. ఆ చెయ్యి అలాగే పట్టుకుని విసవిసా గురువు దగ్గరకు వచ్చాడు.

“శివుడి దారికి ముళ్ళు కట్టినవాళ్ళని ఏమనాలి స్వామీ? మీరొక్క మాట అనండి.”

స్వామి గట్టు మీద గొంతుక్కూర్చుని ఉన్నాడు. భుజం ఒకసారి తడుముకున్నాడు.

“నా సొరబుర్ర కాలువ దగ్గర తుమ్మచెట్టుకు తగిలించి వచ్చాను. తెచ్చిపెట్టు నాయనా.”

నాగలింగం తెల్లబోయాడు. ఎండ ఎక్కుతోంది. దీపానికి పొద్దు చాలదేమోనని తను ఉడికిపోతుంటే ఈయనకు నీళ్ళబుర్ర గుర్తొచ్చింది. ఇంతమందిలో దారిపెద్దనే వెనక్కి పంపాలా? నిజానికి అతని స్థానంలో ఎవరున్నా మండుతుంది. అయినా గురువు అడిగాక కాదనలేడు. గొణుక్కుంటూ వెనక్కి నడిచాడు.

దారిపెద్ద ఎప్పుడూ అందరికంటే ముందుంటాడు. అతని ముందున్న గట్టు ఎప్పుడూ చక్కగానే ఉంటుంది. తమ జనం నడిచాక అది ఎలా ఉంటుందో నాగలింగం అప్పుడే చూశాడు.

ఒక మనిషికి చాలే గట్టు మీద కబుర్లాడుతూ ఇద్దరేసి ముగ్గురేసి నడిచారు. అంచులు విరిగి చేలోకి జారాయి. రెండు పక్కలా వరి పడుకుంది. అంత పండిన చేను మూట తగిలినా రాలుతుంది. రాలిన గింజ తడిమట్టిలోకి దిగబడిపోయింది. ఒకచోటైతే పుణ్యాత్ములెవరో చేనునే పరుపు చేసుకుని కూర్చుని అటుకులు తిని ఆకు అక్కడే పడేశారు. అది పొద్దున తను పంచిన పొట్లమే.

ఎవడు తొక్కాడిలా అని తిట్టబోయి ఆగిపోయాడు.

అతని చెయ్యి దానంతటదే వంగి ఒక వెన్ను తీసింది. చిన్నప్పుడు కోతలయిన మళ్ళలో తల్లి వెనకాల పరిగె ఏరిన చెయ్యి అది. రైతులు వదిలేసిన ఆ వెన్నులతోనే ఆమె కొడుకుని సాకింది. వాడొక్క వెన్ను వదిలినా వెనక్కి పిలిచి తీయించేది. రాత్రికి అన్నం నువ్వే అడుగుతావురా అనేది.

నాగలింగం పైపంచె పరిచి ఏరడం మొదలుపెట్టాడు. పైనున్నవి వచ్చాయి. మట్టిలో కూరుకున్నవి గోళ్ళతో గీకినా రాలేదు.

తిరిగి వచ్చి పంచెమూట కంప మీదుగా ఆదెమ్మకు అందించాడు. ఆమె విప్పి చూసింది.

“కడిగితే కోళ్ళకు పనికొత్తాయి,” అంది.

నాగలింగానికి తన మూటలోని ప్రమిద గుర్తొచ్చి కళ్ళు మండాయి. పీకేసిన కొమ్మలు వెతికి తెచ్చి ఎక్కడివక్కడ పెట్టాడు. నార మళ్ళీ బిగించాడు. తర్వాత కొండకు వీపు తిప్పి, కాలువ వైపు చూస్తూ శంఖం ఊదాడు. తల్లి దీపం ఇక అమావాస్యకు అందదని అతనికి తెలుసు. ఊపిరి సగంలో తెగింది.

జనం గోలపెట్టారు. ఇంత దూరం వచ్చి వెనక్కేమిటన్నారు. మాట్లాడకుండా ఒకరి వెనక ఒకరు నడవమని, పాత అడుగుల్లోనే అడుగు వెయ్యమని చెప్పాడు. తను మాత్రం పక్కకు ఒదిగి, అందరూ ముందుకు పోయేదాకా నిలబడ్డాడు.

స్వామి లేచి వరసలోకి వస్తూ అతని ఖాళీ చేతులు చూశాడు.

“బుర్ర ఏది నాయనా?”

“అంత దూరం పోలేదు స్వామీ. ఇప్పుడు అటే కదా. తీసుకుందాం.”