ఫక్రుద్దీన్ బాబా జీపు

మౌలాలికి కాలు ఒకచోట నిలవడం లేదు. పొద్దున్నుంచి జీపు కిందకి దూరడం, బయటికి రావడం, మళ్లీ దూరడం. ఎండ వాకిట్లోకి వచ్చేసింది. అరుగు మీద పెట్టిన టీ చల్లారి మీగడ కట్టింది.

జీపు ఫక్రుద్దీన్ బాబాది. ముసలి బండి. శుక్రవారం వస్తే చుట్టుపక్కల ఊళ్లలో నడవలేని పెద్దవాళ్లను ఎక్కించుకుని మసీదుకు చేర్చేది అదే. దాన్ని నడిపేదీ, బాగుచేసేదీ బాబా శిష్యుడు మౌలాలి.

మొదట ఇంజను పైమూత దగ్గర ఆయిలు కారింది. మూత కింద వేసే గాస్కెట్ మార్చాడు. అక్కడ ఆగింది గానీ పక్కనుంచి మొదలైంది. పక్కన బిగిస్తే అడుగునుంచి కారింది. ఇవాళ ఆయిలు నిలిచే అడుగు చాంబరు విప్పి, కిరోసిన్‌తో కడిగి, కొత్త గాస్కెట్ వేసి బిగించాడు. స్టార్టు చేసి చూస్తే ఇంజను వెనక సందులోంచి సన్నగా, నల్లగా దిగుతోంది.

చేతిలో పానా విసిరికొట్టాడు. అది గోడకి తగిలి, బాబా భార్య ఖాజాబీ ఎండబెట్టిన మిరపకాయల్లో పడింది.  ఆమె పానా తీసి అరుగు మీద పెట్టి లోపలికి పోయింది. తిట్టి ఉంటే బాగుండేదనిపించింది మౌలాలికి.

తమ్ముడు పోయినప్పటినుంచి అతను ఇలాగే ఉన్నాడు. బోరు మోటరు దగ్గర కరెంటు కొట్టి పోయాడు ఆ పిల్లవాడు. ఖననం నాడు మౌలాలి కంట తడి లేదు. వచ్చినవాళ్లకి తనే నీళ్లిచ్చాడు, తనే మన్ను వేశాడు, అందరూ వెళ్లాక చాపలు తనే చుట్టిపెట్టాడు. గట్టివాడన్నారు జనం. ఆ తర్వాత తమ్ముడి పేరు నోట రానివ్వలేదు. ఎవరైనా ఎత్తితే లేచి వెళ్లిపోయేవాడు.

కోపం పోయే దారి చెప్పమని బాబాని అడిగాడు. బాబా ఊరుకున్నాడు. దాంతో మౌలాలి తనకు తోచినట్టు మౌనవ్రతం పట్టాడు. మాట ఆగింది, చెయ్యి లేవడం మొదలైంది. మొన్న భార్య వడ్డిస్తుంటే కంచం తోసేశాడు. ఉపవాసాలు పట్టాడు. ఉన్న నిద్ర కూడా పోయింది.

ఇంజను మోత విని బాబా బయటికొచ్చాడు. పీట లాక్కుని జీపు పక్కన కూర్చున్నాడు.

"ఆపేస్తా బాబా."

"ఎందుకు? నడవనీ."

"ఒకచోట మూస్తే ఇంకోచోట కారుతా ఉంది. ఇది నా మాట వినేది కాదు. రేపు శుక్రవారం పెద్దోళ్లను ఎట్ల తెచ్చేది?"

బాబాకు బండి నడపడం కూడా రాదు. బానెట్టు కిందకి వంగి, కొత్త ఊరు చూసినట్టు తీరిగ్గా చూశాడు. ఒక గొట్టం మూతిలో గుడ్డ కుక్కి, పైన తీగ చుట్టి ఉంది.

"ఇదేంది మౌలాలీ?"

"ఇంజను ఊపిరి గొట్టం బాబా. దాంట్లోంచి పొగ వస్తా ఉండె. ఎక్కినోళ్లకు కంపు కొడుతుందని నేనే మూసేస్తి."

 బాబా తీగ విప్పబోతే వేళ్లు చురుక్కుమన్నాయి. భుజం మీది కండువా చేతికి చుట్టుకుని విప్పాడు. గుడ్డ పట్టుకుని లాగాడు.

బుస్సుమని పొగ తన్నుకొచ్చింది. బాబా మొహం పక్కకి తిప్పుకుని దగ్గాడు.

మౌలాలి కదల్లేదు. లోపలి ఆవిరి పోయే దారి మూసింది తనే. అది దొరికిన సందునల్లా ఆయిల్ని బయటికి నెట్టింది. ఇన్నేళ్లు డ్రైవరుగా బతికినవాడికి తెలియని సంగతి కాదు. కిందకి వంగి వెనక సందు గుడ్డతో తుడిచాడు. కాసేపు అలాగే చూశాడు. మళ్లీ తడి రాలేదు.

పొగ మాత్రం వస్తూనే ఉంది.

"కంపు కొడుతుంది బాబా."

"కొట్టనీ."

బాబా మళ్లీ పీట మీద కూర్చున్నాడు. పక్కన నేల చూపించాడు. మౌలాలి కూర్చున్నాడు. ఆయిలు చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక మోకాళ్ల మీద పెట్టుకున్నాడు.

"మీ తమ్ముని పేరేంది?" అని అడిగాడు బాబా.

ఆ పేరు బాబాకు తెలుసు. ఖననం నాడు జనాజా నమాజు చదివించింది ఆయనే. మౌలాలి లేవబోయాడు. బాబా చెయ్యి అతని భుజం మీద ఉంది. బరువేమీ వేయలేదు, ఊరికే ఉంది.

మౌలాలి మళ్లీ నేల మీద చతికిలబడ్డాడు. పెదవులు కదిలాయి.

"నబీరసూలు."

బాబా అతని వైపు చెవి వంచాడు. ఇంజను ఆపమనలేదు.

"మోతలో వినపడలేదు నాయనా. ఇంకోసారి చెప్పు."