మొదటి రకం నెత్తురు

బెల్లం వండే నూకరాజు ఇంట్లో తెలివికి లోటు లేదు. ఆ మాట ఊళ్ళో ఎవరూ అనరు గనక వాళ్ళే రోజూ అనుకునేవాళ్ళు. నూకరాజు, భార్య చిన్నమ్మలు, కొడుకు గోవిందు ముగ్గురూ కంచాల ముందు కూర్చుని, "మనంత బుర్రున్నోలు ఈ చుట్టుపక్కల నేరు" అనుకుని తృప్తిగా భోంచేసేవాళ్ళు.

ఒకసారి నూకరాజు కాలి మీద వేడి పాకం చిందింది. పుండు ఎంతకీ మానలేదు. పట్నం తీసుకెళ్తే డాక్టరు రక్తపరీక్ష చేయించి, "నెత్తుట్లో చక్కెర బాగా ఎక్కువుంది" అన్నాడు.

ఇంకేముంది, తండ్రీకొడుకుల మొహాలు వెలిగిపోయాయి. చెరకు రసంలో తీపి ఎక్కువుంటేనే కదా మొదటి రకం బెల్లం. "మా అయ్య నెత్తురు మొదటి రకమండీ" అని గోవిందు ఊరంతా చాటి, ఇంటింటికీ బెల్లం పంచాడు.

డాక్టరు ఇంకో మాట కూడా అన్నాడు. "తీపి ముట్టుకోకు. ఇలాగే ఉంటే కాలివేలు తీసెయ్యాల్సొస్తుంది." అది విని చిన్నమ్మలు దారి పొడుగునా ఏడ్చింది. అందుకని ఆ ఇంట్లో డాక్టరు మాట ఎవరూ జవదాటలేదు. నూకరాజు తీపి ముట్టుకుంటే ఒట్టు. చేతులు వెనక్కి పెట్టుకుని కూర్చునేవాడు, చిన్నమ్మలే అరిసెలు తుంచి నోట్లో పెట్టేది. మాత్రలు చేదంటే పాకంలో ముంచి మింగించేది.

నెల తిరిగేసరికి చక్కెర ఇంకా పైకెక్కింది. పుండూ పెద్దదైంది. డాక్టరుకి ఒళ్ళు మండి, చిన్నమ్మలు వేలు కూడా పొడిచి చూశాడు.

"మీ ఆవిడకి ఎంతుందో చూడు. నీకూ అంతే ఉండాలి. ఇద్దరికీ సమానమైతే నీ కాలికి భయం లేదు."

అంతే. ఇంటికొచ్చి ముగ్గురూ బుర్రలు పెట్టి ఆలోచించారు. సంతలో ఒక్క బెల్లం దిమ్మ తేడాగా ఉన్నా వర్తకుడు బండి మొత్తం వెనక్కి పంపేస్తాడు. లేత పాకాన్ని ముదరబెట్టొచ్చు. ముదిరిన పాకాన్ని లేతగా చెయ్యడం ఎవడి తరం?

"అయ్యది తగ్గదు. మనదే పెంచాల" అని తేల్చాడు గోవిందు.

"నీ కాలు నిలబడతాదంటే నానేటైనా తింటాను" అంది చిన్నమ్మలు మొగుడితో. పాపం, అన్నంత పనీ చేసింది. పొద్దున బెల్లం, మధ్యాహ్నం పాకం, సాయంత్రం రెండూ. గోవిందూ తల్లికి తోడుగా తిన్నాడు. మొహం మొత్తి కళ్ళు తిరుగుతున్నా మొగుడి కాలు తలుచుకుని ఇంకో ముద్ద మింగేది.

ఆస్పత్రికి కూడా నములుతూనే వెళ్ళారు. వేళ్ళు పొడిచి చూస్తే ముగ్గురికీ చక్కెర పైనే ఉంది.

"ఇప్పుడంతా ఒకే సరుకు బాబూ. ఇంక ఏలు తియ్యక్కర్నేదు" అన్నాడు నూకరాజు.

డాక్టరు తల పట్టుకున్నాడు.

"నీరసమొచ్చిందేటి బాబూ? మీకెంతుంది?" అనడిగింది చిన్నమ్మలు.

"నాకేం, మామూలుగానే ఉంది" అన్నాడాయన.

గోవిందు గతుక్కుమన్నాడు. "అమ్మా, ఈ గదిలో ఈయనొక్కడే తేడా."

ఇంకేముంది, తండ్రీకొడుకులు డాక్టరుని చెరో చెయ్యీ పట్టుకున్నారు. చిన్నమ్మలు కొంగుముడి విప్పి, పెద్ద బెల్లం ముక్క తీసి ఆయన నోట్లో కుక్కింది.

"నమలండి బాబూ. మీ ఒక్కరి మూలంగా మా ఆయన కాలు పోకూడదు."