పోయేటప్పుడు చేతిలో ఎన్ని

దాక్షాయణి గారు తన శిష్యుల్లో ఎవరినీ ఎన్నో స్థానం వచ్చిందని అడగరు. ఆటలోంచి బయటపడి ఫోను చేసిన ప్రతివాణ్ణీ ఆవిడ అడిగేది ఒక్కటే: "పోయేటప్పుడు చేతిలో ఎన్ని ఉన్నాయి?" గెలిచినవాడికి ఈ ప్రశ్న వర్తించదు కాబట్టి, వాడికి "మంచిది" అని ఒక్కమాట చెప్పి ఫోను పెట్టేస్తారు. మెచ్చుకోలు దగ్గర ఆవిడంత పిసినారి తెనాలి మొత్తం మీద లేరని మాలో మేం చెప్పుకుంటూ ఉంటాం. అదీ కొంచెం గొప్పగానే చెప్పుకుంటాం.

ఆవిడ మాకు నేర్పేది పోకర్. అరవై దాటిన మనిషి, ఒకప్పుడు బ్రిడ్జిలో రాష్ట్రం తరఫున ఆడినావిడ, ఫోను తెరమీద పోకర్ నేర్పుతుందంటే నవ్వేవాళ్ళు చాలామందే ఉన్నారు. నవ్వుకోనీండి. మా క్లబ్బులో పైసా ఆడదు. చిప్పులన్నీ తెరమీది బొమ్మలే. డబ్బు పెట్టి ఆడదామని వచ్చినవాడికి దాక్షాయణి గారు గ్లాసుడు మజ్జిగ ఇచ్చి, తాగేదాకా కూర్చోబెట్టి, మళ్ళీ రావద్దని చెప్పి పంపేస్తారు. ఏడాదికొకసారి క్లబ్బు వాళ్ళమంతా ఎవరిళ్ళలో వాళ్ళం కూర్చుని ఆన్‌లైన్‌లో పెద్ద పోటీ ఆడతాం. అందులో మొదట నిలిచిన ఒక్కరికి రాష్ట్ర జట్టులో చోటూ, వీపుమీద పేరు రాసిన నీలం చొక్కా దక్కుతాయి.

ఆ చొక్కా మీద మా అందరికంటే ఎక్కువ ఆశ ప్రభుదాసుకి. దాసు కళ్ళజోళ్ళ దుకాణం పెట్టుకున్న నెమ్మదస్తుడు. వాళ్ళమ్మ మరియమ్మ గారికి కొడుకు ముక్కలు ఆడతాడన్న సంగతి పెద్ద తలవంపు. ఫోనులో ఆడినా, పైసా లేకుండా ఆడినా, ఆమె దృష్టిలో పేకాట పేకాటే. మీవాడు ఆదివారం పూట ఏం చేస్తుంటాడని చర్చిలో ఎవరైనా అడిగితే, దుకాణం లెక్కలు చూసుకుంటాడని దాటేస్తుంది. ఆ నీలం చొక్కా తొడుక్కుని ఒక్క ఆదివారం ఆమె పక్కన నడిచి చర్చికి వెళ్ళాలి, ఇది వ్యసనం కాదు, విద్య అని ఆమె నలుగురిలో తలెత్తుకుని చెప్పాలి. దాసు కోరిక అంతే.

అతను చివరి బల్ల దాకా, అంటే ఆఖరి తొమ్మిదిమందిలోకి, చెమట పట్టకుండా చేరుకునేవాడు. అక్కడ మాత్రం ఏదో అయ్యేది. తెలియనివారి కోసం ఒక్క సంగతి చెప్పాలి. పోకర్‌లో ముక్కలు పంచకముందే వంతుల వారీగా బల్లమీద కొన్ని చిప్పులు పెట్టాలి. దాన్ని బ్లైండ్లంటారు, మేం కప్పం అంటాం. మంచి ముక్కలొచ్చినా రాకపోయినా కప్పం తప్పదు, పైగా పొద్దు గడిచేకొద్దీ అది పెరుగుతూ పోతుంది. చివరి బల్లకి చేరగానే దాసు చేతులు ముడుచుకుని కూర్చునేవాడు. ఆసు, పదీ లాంటి మంచి ముక్కలొచ్చినా ఆడకుండా పడేసేవాడు. ఆసు, జాకీ వచ్చినా ఇంకాస్త మంచివి రానీ అని పడేసేవాడు. తోటివాళ్ళు ఒకరినొకరు పొడుచుకుని పోతుంటే ఇతను ఎనిమిదికీ, ఏడుకీ, ఆరుకీ పాకేవాడు. ఈలోగా కప్పం కట్టికట్టి చేతిలో చిప్పులు ఆవిరయ్యేవి. ఆఖరికి కప్పానికే చాలనంత మిగిలాక, ఏ ముక్కలొస్తే వాటిమీద ఉన్నదంతా పెట్టేసేవాడు. అంత కొంచానికి భయపడేదెవరు? అందరూ సై అనేవాళ్ళు, దాసు ఇంటికి వెళ్ళేవాడు. ఆరో స్థానం అతనికి రాసిచ్చినట్టుండేది.

కిందటి వేసవిలో ఒక మధ్యాహ్నం దాసు ఉక్రోషంగా ఆవిడ ఇంటికి వెళ్ళాడు.

"మేడమ్ గారూ, నేను తప్పు ముక్క ఆడి ఎరగను. తొందరపడను. అయినా గెలవను. చివరి బల్ల మీద నేను చేస్తున్న తప్పేందో చెప్పండి."

దాక్షాయణి గారు గొడుగు తీసుకున్నారు. "చెప్తాను గానీ, బండి ఉందిగా? గుంటూరులో మా అక్కయ్య ఇంటి దగ్గర దింపు."

ఊరు దాటకముందే స్కూటరు ముల్లు ఎర్రగీత మీద వాలింది. ఎదురుగానే బంకు ఉంది గానీ ఎండలో ఏడెనిమిది బళ్ళు వరసలో ఉన్నాయి. "ఇక్కడ ఆలస్యమండీ, ముందు ఇంకోటుంది" అన్నాడు దాసు. ఆ ఇంకోదాని దగ్గర వరస లేదు, కానీ గొట్టం పట్టే కుర్రాడు టీకి వెళ్ళాడు. "వాడెప్పుడొస్తాడో ఏమో, ముందుకు పోదామండీ." మూడోది రోడ్డుకి అటువైపు వచ్చింది. అక్కడికి చేరాలంటే డివైడరు చుట్టి రావాలి. "ఇటువైపు ఒకటి రాకపోద్దా" అన్నాడు. వెనక కూర్చున్న ఆవిడ ఒక్కదానికీ అవుననలేదు, కాదనలేదు.

ఇటువైపు ఒకటి రాలేదు. చుట్టూ మినుము తీసేసిన బీడు పొలాలు తప్ప ఏమీ లేనిచోట బండి రెండు దగ్గులు దగ్గి ఆగిపోయింది.

ఆ తరవాత దాసు బండి నెట్టాడు. మే నెల ఎండ. పక్కనే దాక్షాయణి గారు గొడుగు వేసుకుని, సాయంకాలం షికారుకి వచ్చినట్టు నింపాదిగా నడిచారు. చాలా దూరం పోయాక బంకు కనబడింది. దాసు ప్రాణం లేచొచ్చింది. దగ్గరికెళితే అడ్డంగా తాడు కట్టి ఉంది. సరుకు లేదని అట్టముక్క మీద రాసి తగిలించారు. మళ్ళీ నెట్టాడు. చివరికి ఒక కిళ్ళీకొట్టులో నీళ్ళ సీసాలో పోసి అమ్ముతున్న పెట్రోలు దొరికింది. దానిలో ఏం కలిపారో వాడికే తెలియాలి. దాసు రంగు చూడలేదు, వాసన చూడలేదు, బేరమాడలేదు. సీసా అందుకుని ట్యాంకులో ఒంపేశాడు.

అప్పటిదాకా మాట్లాడని ఆవిడ అప్పుడు అడిగారు. "దీనికేం వంక పెట్టలేదే, దాసూ?"

చొక్కా పిండితే నీళ్ళు కారేలా ఉన్న దాసుకి ఒళ్ళు మండింది. "ఈ స్థితిలో వంకలేందండీ?"

"అవును. బండి నడుస్తున్నప్పుడైతే పెట్టావు."

గుంటూరు వెళ్ళేదాకా ఆవిడ మళ్ళీ నోరు విప్పలేదు. దిగాక, నా ప్రశ్నకి జవాబు చెప్పలేదన్నాడు దాసు. "ముందు ముఖం కడుక్కో" అని లోపలికి వెళ్ళిపోయారు. ఆవిడ కావాలనే తీసుకెళ్ళారని క్లబ్బులో కొందరంటారు. నేను నమ్మను. వెనక కూర్చున్న మనిషికి ముల్లు ఎలా కనబడుతుంది? ఎదురొచ్చినదాన్ని వదులుకోకుండా వాడుకోవడం ఆవిడకి తెలుసు, అంతే. దాసు మాత్రం ఇంటికెళ్ళి జరిగిందంతా వాళ్ళమ్మకి చెప్పుకుని వాపోయాడు. ఆమె ఆ చెమట చొక్కా నానబెడుతూ, ఇంత వయసొచ్చి బండిలో పెట్రోలు చూసుకోవటం రాలేదని నాలుగు చీవాట్లు పెట్టిందట.

ఈ ఏడు పెద్ద పోటీ వచ్చింది. నేను ఎప్పటిలాగే మొదటి గంటలోనే రాలిపోయి, చూద్దామని దాసు ఇంటికి వెళ్ళాను. మరియమ్మ గారు చేటలో బియ్యం ఏరుకుంటూ, మా ఇద్దరికేసీ మా ఫోన్లకేసీ చూడకుండా కూర్చుంది. దాసు చివరి బల్లకి చేరాడు. తొమ్మిదిమందిలో ఇతనిది నడిమి రకం చిప్పుల గుట్ట. కప్పం పెరిగింది. ఇతని చేతిలో ఇంకా పద్నాలుగు కప్పాలకి సరిపడా ఉంది. ముందువాళ్ళంతా పడేశారు. దాసు తన ముక్కలు ఎత్తాడు. ఆసు, జాకీ.

పాత దాసయితే పడేసేవాడు. అతను ఒకసారి వాళ్ళమ్మ వైపు చూసి, ఉన్నదంతా పెట్టేశాడు.

ఒకరు జంకి పడేశారు. ఇంకొకరు పడేశారు. అందరికంటే పెద్ద గుట్ట ఉన్న ఆసామీ చాలాసేపు ఆలోచించి సై అన్నాడు. అతనివి రాజు, రాణి. అందరికీ ఉమ్మడిగా బల్లమీద వేసే అయిదు ముక్కలు తెరుచుకుంటున్నాయి. నాలుగు తెరుచుకునేదాకా దాసుదే పైచేయి. అయిదోది ఇస్పేటు రాజు. అవతలివాడికి రాజుల జత కుదిరింది.

తొమ్మిదో స్థానం. చివరి బల్ల మీద దాసు ఇంత తొందరగా ఎన్నడూ పోలేదు. నీలం చొక్కా మరో ఏడాది దూరం జరిగింది. నాకు ఏడుపొచ్చినంత పనైంది. దాసు మాత్రం వీపు నిటారుగా పెట్టి, స్పీకరులో పెట్టి ఫోను కలిపాడు.

"పోయేటప్పుడు చేతిలో ఎన్ని ఉన్నాయి?" అంది అవతలి గొంతు, ఎప్పటిలాగే.

"పద్నాలుగు కప్పాలండీ. ఎవరూ నన్ను తొయ్యలేదు. నేనే పెట్టాను." అతని పక్కన కూర్చున్నందుకు నాకే ఛాతీ పొంగింది.

"మీ అమ్మగారికివ్వు ఫోను."

దాక్షాయణి గారు ఏ శిష్యుడి ఇంట్లోవాళ్ళతోనూ మాట్లాడగా మేం ఎరగం. మరియమ్మ గారు చేట పక్కన పెట్టి, చెయ్యి కొంగుకి తుడుచుకుని ఫోను అందుకుంది.

"మేడమ్ గారూ, మావాడు గెలిచాడా అండీ?"

"లేదమ్మా. చివరి బల్ల మీద అందరికంటే ముందు పోయాడు."

ఆమె ముఖం చిన్నబోయింది. "మరి నాకెందుకమ్మా ఫోను?"

"ఇవ్వాళ మీవాడు బండి నెట్టుకుంటూ రాలేదమ్మా. ఆ మాట మీకు నా నోటితో చెప్పాలనిపించింది."