జంట నెమళ్ల అంచు

కదిరప్ప మేస్త్రీని ఏదైనా అడిగితే జవాబు రాదు, పని వస్తుంది. నేతగాళ్ల వీధిలో ఈ సంగతి తెలియనివాళ్లు లేరు. తెలిసి కూడా చౌడేశ్వరి ఆ పొద్దున అడిగింది.

"మేస్త్రీ, చేతిలో ఫోను ఉండగా బల్లమీద ఈ కంప్యూటరు ఎందుకు చెప్పండి? గీసేది చేతిలోనే, దిద్దేది చేతిలోనే, పంపేది చేతిలోనే. ఇదేమో సగం బల్ల ఆక్రమించుకోని కూచుంది. ఇంకో రెండేండ్లకు ఇవన్నీ పోయి ఫోన్లే మిగులుతాయా లేదా?"

ఆమె అతని దగ్గర చేరి మూడేళ్లయింది. పట్టుచీరలకు డిజైను గీసే అంగడి అది. గళ్లు గళ్లుగా బొమ్మ గీస్తారు. ఆ గళ్ల లెక్కన అట్టలకు చిల్లులు కొడతారు. అట్టలను దండగా కుట్టి మగ్గం నెత్తిన వేలాడదీస్తే, చిల్లు ఉన్నచోట పోగు లేస్తుంది, లేనిచోట లేవదు. చిల్లు పడే దాకా ఏమైనా దిద్దుకోవచ్చు. పడినాక అట్టకు మందు లేదు. కదిరప్పకు సంతకం తప్ప రాయడం రాదు. సంతకం కూడా కొంచెం ఏటవాలుగానే పడుతుంది. అయితే గళ్లకాగితం మీద ఒక్క గడి పక్కకు జరిగితే వాకిట్లోనుంచే కసురుతాడు. ముప్పై ఎనిమిదేళ్లుగా అతని అట్టతో నేసిన చీర తిరిగి రాలేదు. ఈ మాట వీధి చెప్పకపోతే అతనే చెబుతాడు.

ఫోనంటే అతనికి మంట అని అందరూ అనుకునేవారు. కారణం ఉంది. నాలుగేళ్ల కిందట సిద్దప్ప శెట్టి కొడుకు ఇదే గడప మీద కూచుని, కదిరప్ప పోయించిన టీ తాగుతూ, అతను గీసిన తామరల కొంగును ఫోనుతో ఫోటో తీసుకుపోయాడు. నెల తిరగకుండా ఆ కొంగు వాళ్ల మరమగ్గాల మీద వందల చీరలకు ఎక్కింది. అప్పటినుంచి కదిరప్ప ఆ ఇంటి పెండ్లికి పోలేదు, చావుకు పోలేదు. ఆ ఇంటి ముందు నడవాల్సి వస్తే చుట్టూ తిరిగి పోతాడు. అందుకే ఫోనును నాలుగు తిట్లు తిడతాడని చౌడేశ్వరి ఎదురుచూసింది. అతను తిట్టలేదు.

"మారెప్పను పిలువు. వాని పెండ్లాన్ని కూడా రమ్మను," అన్నాడు.

ఆమె ముఖం ముడుచుకుంది. ఆ రోజు అట్టలు కొట్టాల్సింది ఆమె సొంత డిజైనుకే. పెండ్లికూతురి చీర, అంచు పొడుగునా జంట నెమళ్లు. మేస్త్రీ పేరుతో కాకుండా తన పేరుతో మగ్గమెక్కే మొదటి చీర. నేతగాడు మారెప్ప ఆ చీర కోసం మగ్గం ఖాళీగా పెట్టుకుని ఉన్నాడు. ఇరవై రోజుల నేత. చీర చెడితే ఆ ఇరవై రోజులు మట్టిపాలు, చౌడేశ్వరి గీసిందంటే ఆ వీధిలో ఇంకెవరూ మగ్గం అప్పగించరు.

ఆ అంగడికి ఒక కట్టడి ఉంది. నేసే మనిషి, పోగును కండెలకు చుట్టే మనిషి, గీసిన మనిషి, మేస్త్రీ, ఈ నలుగురూ కలిసి చూడందే అట్టకు చిల్లు పడకూడదు. వెనకటి రోజుల్లో కాగితాన్ని గోడకు అంటించి చూసేవారు. ఇప్పుడు కంప్యూటరు తెర మీద చూస్తున్నారు.

"మేస్త్రీ, పెండ్లోళ్ల గ్రూపులో నలభైమంది చూసినారు. అందరూ బాగుందన్నారు!"

"చూసినారు లే. ఒకరి పక్కన ఒకరు నిలబడి చూసినారా?"

ఆమె పోయి పిలుచుకొచ్చింది.

మారెప్ప తువ్వాలు దులుపుకుంటూ వచ్చాడు. అతని భార్య ఓబుళమ్మ చేతిలో సగం చుట్టిన కండెతోనే వచ్చి వాకిలి దగ్గర నిలబడింది. చౌడేశ్వరి తెర మీద అంచును పొడుగ్గా పరిచింది. ఆరు జంటలు వరసగా నిలిచాయి. మారెప్ప గడ్డం గోక్కుంటూ, నెమలి ముక్కు దగ్గర పోగు తెగుతుందేమో అని సణిగాడు. కదిరప్ప రెండు చేతులూ వెనక కట్టుకుని చూశాడు. అతనికి తప్పు కనపడలేదు.

ఓబుళమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఏమే, ఎందుకు నగుతాండావు?" అన్నాడు మొగుడు.

"ఏం లేదు లే."

"చెప్పమ్మా, ఇక్కడ నోరు మూసుకోనీకి కాదు పిలిచింది," అన్నాడు మేస్త్రీ.

"అది కాదన్నా, నెమళ్ల నడుమ ఆ గుడ్లగూబ ఎందుకు కూచుందా అని."

"గుడ్లగూబ యాడుందే నీ మొగం!"

"ఈ జంట తోకది ఒక కన్ను, ఆ జంట తోకది ఒక కన్ను. నడుమ కిందికి దిగిన తీగ ఉండాదే, అదే ముక్కు. సూడు, ఎట్ల గుడ్లు మిటకరించి చూస్తాందో!"

అంతే. ఆ తరవాత ఎవరికీ నెమలి కనపడలేదు. పెండ్లికూతురి అంచు మీద ఐదు గుడ్లగూబలు బారులు తీరి కూచున్నాయి.

చౌడేశ్వరి తెర దగ్గరికి వంగి చూసింది. ఫోనులో ఆమె గీసింది ఒక్క జంటనే. నలభైమందికి పంపింది ఒక్క జంటనే. ఆ జంట పక్కన ఇంకో జంట వచ్చి నిలబడితే నడుమ ఏం పుడుతుందో చూడాలని ఎవరికీ తోచలేదు. పౌరుషం కొద్దీ ఫోను తీసి అందులోనూ జంటలను వరసగా పేర్చి చూపించింది.

"ఇదిగో, ఫోనులోనూ కనపడుతాంది కదా మేస్త్రీ."

"కనపడుతాంది. నిన్న కనపడలేదే."

"నిన్న మీకూ చూపించినా. మీరూ ఊఁ అన్నారు."

మారెప్ప తల పక్కకు తిప్పుకున్నాడు. మేస్త్రీని అంత మాట అన్నవాళ్లు ఆ వీధిలో ఇంకా పుట్టలేదు. ముప్పై ఎనిమిదేళ్ల పేరు కదిరప్పకు గుర్తొచ్చింది. అయినా పిల్ల అన్నది అబద్ధం కాదు.

"చూసినా పాపా," అన్నాడు చివరికి. "ఒక్కణ్ణే చూసినా."

చౌడేశ్వరి కంప్యూటరు ముందు కూచుంది. ఓబుళమ్మ ఆమె వెనక చేరి, తీగను పైకి లాగమంది. లాగితే తోక బోడిదైపోతుందని మారెప్ప అడ్డం పడ్డాడు. నీకు తెలిసి ఏడ్చినావు లే అని భార్య అతని నోరు మూయించింది. తీగ పైకి లేచింది, తోకల నడుమ చిన్న మామిడి పిందె వచ్చి కూచుంది. నలుగురూ మళ్లీ నిలబడి చూశారు. ఈసారి ఎవరూ నగలేదు.

"ఇంక పెండ్లోళ్లకు పంపు," అన్నాడు కదిరప్ప.

"దేంట్లోనుంచి?" అంది ఆమె, కొంచెం భయంగానే.

"ఫోనులోనుంచే. కబురు మోసే పనిలో దాన్ని మించింది ఏముంది?"

తెప్పించుకున్న టీ చల్లారక ముందే పెండ్లికూతురి మేనత్తతో సహా అందరూ సరే అన్నారు. మధ్యాహ్నానికి అట్టలు కొట్టడం మొదలైంది. సాయంత్రం మారెప్ప అట్టల దండను భుజాన వేసుకుని, దీని పేరు ఎవరైనా అడిగితే చౌడేశ్వరి అంచు అని చెబుతా అని గట్టిగా అంటూ దిగిపోయాడు. ఆ మాట మేస్త్రీకి వినపడింది. వినపడనట్టు గళ్లకాగితాలు సర్దుకున్నాడు.

చౌడేశ్వరి తెర మీది దుమ్ము తుడిచింది. ఆమె మనసు ఇంకా కుదుటపడలేదు.

"అయితే ఫోను ఈ కంప్యూటరును ఎన్నటికీ మింగలేదంటారా మేస్త్రీ?"

"మింగితే మింగనీ పాపా," అన్నాడు కదిరప్ప చెప్పులు తొడుక్కుంటూ. "మింగినాక, నలుగురం పక్కపక్కన నిలబడి చూడనీకి దాని పొట్ట ఎంతవుతుందో, అది చూసి చెప్పు నాకు."