చివరి విస్తరి

సువర్చల పాఠం పాడైంది. పేదరికాన్ని రాబడి ఒక్కదానితోనే కాక చదువు, వైద్యం, నీళ్లు, ఇల్లు అన్నీ కలిపి కొలిచే పద్ధతిని పెద్ద అధికారులకు నేర్పడం ఆమె పని. పొద్దున్నుంచి తెర మీద సూత్రాలు గుప్పించింది. వాళ్లు ఒక్కొక్కరే ఫోన్లలోకి తలలు దించేశారు. కొత్త కొలతను ప్రణాళికలో చేర్చాలో వద్దో సాయంత్రానికి తేల్చాల్సింది వాళ్లే.

ఆర్థిక శాఖ చక్రపాణి ఆవులించాడు. "అమ్మా, ఏ శాఖ లెక్క చూసినా నూటికి తొంభై మందికి పైగా అందుతోంది. అన్నీ కలిపి కొత్తగా చూసేదేముంది?"

అందరూ నవ్వారు.

విరామంలో ఆమె తన గురువు రహంతుల్లా మాస్టారి దగ్గరికి విసురుగా వెళ్లింది. "వీళ్ల బుర్రకెక్కదు మాస్టారూ. ఇంకా బోలెడు స్లైడ్లున్నాయి, చూపించనా?"

"ఆకలేస్తోందమ్మా," అన్నారాయన. "ముందు భోజనాలు కానీ."

వరండాలో శిక్షణ సంస్థ సిబ్బంది విస్తళ్ల ముందు బారుగా కూర్చున్నారు. మాస్టారు చక్రపాణిని చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి చివరి విస్తరి ముందు కూర్చోబెట్టారు. మిగతా అధికారులకు తలా ఒక గిన్నో జగ్గో అందించారు. "ఇవాళ వడ్డన మీదే."

అన్నీ కాస్త వెలితిగా ఉండటం సువర్చల చూసింది.

అధికారులకు హుషారొచ్చింది. ఎవరూ చెప్పకుండానే అందరూ వంటగది వైపు నుంచే మొదలుపెట్టారు. "నెమ్మది సార్, ఇవి నిధులు కావు, పప్పు. కాలుతుంది," అని వెనక నుంచి ఒకావిడ వేళాకోళం.

వడ్డన అయింది. "పప్పు అందిందా?" అడిగారు మాస్టారు.

"ఒక్కరికి తప్ప అందరికీ."

"అన్నం?"

"ఒక్కరే మిగిలారండీ."

"కూర?"

"ఒక్కరికే చాల్లేదు."

నీళ్ల జగ్గు పట్టుకున్నాయన చెప్పబోయి, పంక్తి చివరికి చూసి ఆగిపోయాడు.

చక్రపాణి విస్తరిలో ఉప్పు మాత్రం ఉంది. పంక్తిలో ఎవరూ ముద్ద కలపలేదు.

"అందరి లెక్కలోనూ మిగిలింది నేనేనా?" అన్నాడతను.

"శాఖకి ఒక్కరే కదా సార్," అన్నారు మాస్టారు. తర్వాత వంటగదిలో దాచిన గిన్నెలు తెమ్మన్నారు.

మధ్యాహ్నం చక్రపాణి కుర్చీ ముందుకు లాక్కున్నాడు. "ఒకే ఇంట్లో ఏవేవి లేవో ఎలా పట్టుకుంటారమ్మా? మొదట్నుంచి చెప్పు." అక్కణ్ణించి ఒకరి మాట మీద ఒకరి మాట, వాదన మీద వాదన. టీలు చల్లారిపోయాయి. సువర్చల తెర వెలిగించనే లేదు. చీకటి పడకముందే కొత్త కొలత ప్రణాళికలోకి ఎక్కింది.

ఆ రోజు ఆమె ఒకటి అనుకుంది. ఇకమీదట ఎక్కడ శిక్షణ పెట్టినా పాఠానికి ముందు భోజనం, తొలి గరిటె తన చేత్తో, చివరి విస్తరిలో.

ఇన్నేళ్లలో ఒక్కసారీ తప్పలేదు.