పెద్దవీధిలో ఏడో సైకిలు

"మన హక్కు మనం తీసుకున్నాం. దానికి ఇంకొకళ్ళకి కృతజ్ఞతలు చెప్పడమేమిటమ్మా?" అని ఎలీషా అడిగాడు.

అడిగింది సువార్తమ్మ గారిని. ఆవిడ ముప్పై ఆరేళ్ళు ఎలిమెంటరీ బళ్ళో పాఠాలు చెప్పి రిటైరయ్యారు. ఆ తర్వాత హక్కుల సంఘం వాళ్ళని ప్రతి ఆదివారం మధ్యాహ్నం తన ఇంటి వసారాలో చాపల మీద కూర్చోబెట్టి, అర్జీ ఎలా రాయాలో, ఆఫీసరు ముందు ఏం మాట్లాడాలో, ముఖ్యంగా ఏం మాట్లాడకూడదో చెబుతూ వస్తున్నారు. సంఘంలో అందరూ ఆవిడ శిష్యులే. వాళ్ళలో గట్టివాడు ఎలీషా. పాలేరు అబ్రహాము కొడుకు, లా చదివి వకీలయ్యాడు. తమ పేట శవాలను ఊరి దారిన పోనివ్వబోమని అడ్డుపడ్డవాళ్ళ మీద మూడేళ్ళు పోరాడి మొన్ననే కేసు గెలిచాడు. ఆ గెలుపుకి సంఘం సభ పెట్టింది. సభలో వందన సమర్పణ ఎలీషా చెయ్యాలని తీర్మానం కూడా చేసింది. అక్కడే అతనికి ఒళ్ళు మండింది.

"చచ్చినవాణ్ణి మోసుకుపోవడానికి దారి ఇచ్చారని దణ్ణం పెట్టాలా? జడ్జి తన పని తను చేశాడు. నేను నా పని చేశాను. ఇందులో ఎవరు ఎవరికి రుణపడ్డారు?" అన్నాడు. చాపల మీద ఉన్నవాళ్ళలో కుర్రకారు తలలూపారు. పెద్దవాళ్ళు పంతులమ్మ వంక చూశారు.

సువార్తమ్మ గారు వాదించే మనిషి కాదు. వాదన మొదలుపెడితే ఎదుటివాడు వినడం మానేసి జవాబు వెతుక్కుంటాడని ఆవిడ నమ్మకం. కళ్ళజోడు తీసి చీర చెంగుతో తుడవడం మొదలుపెట్టారంటే ఏదో పాత సంగతి వస్తోందని లెక్క. ఆ రోజు చాలాసేపు తుడిచారు. ఆవిడ చెప్పినది ఇది.

అప్పటికి ఆవిడకి ఇరవయ్యేళ్ళు. కొత్త ఉద్యోగం, సొంత ఊళ్ళోనే బడి. దళితుల పేట ఊరికి పడమట ఉండేది. అక్కణ్ణుంచి తారు రోడ్డెక్కాలంటే ఊరి నడిమధ్య పెద్దవీధి ఒక్కటే దారి. వీధి మొదట్లో పాడుబడిన సున్నపు గానుగ ఒకటి ఉండేది. పేటవాళ్ళు ఎవరు సైకిలు మీద వచ్చినా గానుగ దగ్గర దిగాలి. దిగి, చెప్పులు విప్పి హ్యాండిలుకి తగిలించుకుని, సైకిలు నడిపించుకుంటూ రెండు ఫర్లాంగులు పోయి, తారు రోడ్డు మీద మళ్ళీ ఎక్కాలి. "దేశంలో చట్టం లేకపోలేదు నాయనా. మా ఊళ్ళో అది కూడా గానుగ దగ్గర దిగి నడిచేది," అన్నారు సువార్తమ్మ గారు.

ఆ వేసవిలో ఒకడు జ్వరంతో కాలిపోతున్న భార్యని వెనక కూర్చోబెట్టుకుని ఆస్పత్రికి పోతుంటే, వాణ్ణి కూడా దింపారు. ఆ మనిషి నడవలేక వీధి మధ్యలో పడిపోయింది. దేవుడి దయ, బతికింది. పేట మాత్రం ఊరుకోలేదు. నలభై ఒక్క గడపలూ వేలిముద్రలు వేశాయి. అర్జీ రాసింది సువార్తమ్మ గారు. తన జీవితంలో అదే మొదటి అర్జీ కాబట్టి ఉండాల్సినదానికన్నా నాలుగు పెద్ద మాటలు ఎక్కువే రాశానని ఆవిడే ఒప్పుకున్నారు.

తహసీల్దారు స్వయంగా వచ్చాడు. ఊరి మునసబు చేతులు కట్టుకుని, ఎంతో నెమ్మదిగా, "ఎవరూ దిగమనలేదండీ. పెద్దలంటే వాళ్ళకి గౌరవం. వాళ్ళ మర్యాద కొద్దీ వాళ్ళే దిగుతారు. మేం వద్దన్నా వినరు," అన్నాడు. తహసీల్దారు రెండు వైపులా చూశాడు.

"ఈ గురువారం కాక పై గురువారం పొద్దున పదింటికి మళ్ళీ వస్తాను. తారు రోడ్డు దగ్గర కూర్చుంటాను. నా కళ్ళముందు సైకిలెక్కి వీధి చివరిదాకా రండి. వస్తే, ఈ వీధి అందరిదీ అని దండోరా వేయిస్తాను. మీ అంతట మీరే దిగితే, దిగడం మీ ఇష్టమని రాసి ఫైలు మూసేస్తాను. అబద్ధపు అర్జీ రాసినందుకు ఈ పంతులమ్మ మీద కూడా పైకి రాయాల్సి వస్తుంది," అన్నాడు.

ఇంతకన్నా తేలిక ఏముంటుందని పేటంతా సంబరపడింది. సైకిళ్ళున్న మగవాళ్ళు ఆరుగురు ముందుకొచ్చారు. ఒక్క ఆడమనిషైనా ఉండాలని సువార్తమ్మ గారు పట్టుబట్టారు. తీరా చూస్తే ఆవిడకే సైకిలంటే చచ్చేంత భయం. అప్పుడు దానమ్మ లేచింది. ఆస్పత్రిలో ఆయా. నలభై దాటిన మనిషి, బొద్దుగా, గుండ్రంగా ఉండేది. "రోజూ ఆ వీధిన నడిచి చచ్చేది నేనే గదా, నేనొస్తా," అంది.

ఆమెకి నేర్పే పని మరిది ప్రకాశం నెత్తిన పడింది. ప్రకాశం బియ్యం మిల్లు నుంచి సైకిలు మీద బస్తాలు చేరవేసేవాడు. రెండు చేతులూ వదిలేసి తొక్కేవాడు. పేట వెనక కళ్ళంలో పది రోజులు, పొద్దు వాలేవేళ, దానమ్మ చీరకి గోచీ పెట్టి అద్దె సైకిలెక్కేది. ప్రకాశం వెనక పట్టుకుని నాలుగడుగులు పరిగెత్తి వదిలేసేవాడు. అవతలి చివర ఇంకొకడు హ్యాండిలు పట్టుకుని ఆపేవాడు. ఆ సైకిలుకి బ్రేకులు ఉండీ లేనట్టే. నాలుగో రోజుకే దానమ్మ ఒంకర టింకరగానైనా పోవడం మొదలెట్టింది.

"బానే ఉందిరా అబ్బాయ్. మరి దిగేదెట్టా?" అని అడిగింది.

"అది తరవాత చూద్దాంలే వదినా," అన్నాడు ప్రకాశం. రోజూ అడిగేది. రోజూ అదే జవాబు. చివరికి ఒక ఏర్పాటు చేసుకున్నారు. గురువారం నాడు ప్రకాశం అందరికన్నా ముందు పోయి, తారు రోడ్డు దగ్గర సైకిలు పక్కన పెట్టి నిలబడతాడు. అందరికన్నా వెనక దానమ్మ వస్తుంది. ఆమె సైకిలుని అతను పట్టుకుని ఆపుతాడు.

గురువారం వచ్చింది. తారు రోడ్డు దగ్గర బల్ల, కుర్చీ వేసి తహసీల్దారు కూర్చున్నాడు. పక్కన మునసబు. ఇటు సువార్తమ్మ గారు, చేతిలో అర్జీ నకలు. వీధికి రెండువైపులా అరుగుల మీద జనం కూర్చుని ఉన్నారు. ఒక్కరు నోరెత్తలేదు, కర్ర పట్టలేదు. అంతా ముందే అనుకున్నట్టున్నారు.

పది గంటలకి ఆరు సైకిళ్ళూ వరసగా వచ్చాయి. ప్రకాశం ఈల వేసుకుంటూ గానుగ దాకా వచ్చాడు. గానుగ రాగానే అతని కుడికాలు దానంతటదే వెనక్కి లేచి, సీటు మీదుగా తిరిగి, నేలకి ఆనింది. దిగి నిలబడ్డాడు. తన కాలిని తనే వింతగా చూసుకున్నాడు. ఎవరూ ఏమీ అనలేదు. వెనకవాళ్ళు అది చూశారో, చూడకుండానే వాళ్ళ కాళ్ళూ లేచాయో గానీ, ఒకరి తర్వాత ఒకరు అయిదుగురూ అక్కడే దిగిపోయారు. మళ్ళీ ఎక్కుదామంటే ఆరుగురిలో ఒక్కరికీ కాలు పైకి రాలేదు.

"చూశారుగా," అన్నాడు మునసబు. ఎగతాళి కూడా చెయ్యలేదు. ఆ అవసరం కనబళ్ళేదు. తహసీల్దారు పెన్ను మూత తీశాడు.

సువార్తమ్మ గారికి తన ఉద్యోగం సంగతి ఆ క్షణాన గుర్తుకి రాలేదట. ఆ నలభై ఒక్క వేలిముద్రలే కళ్ళముందు కనిపించాయట. వేలు ముంచి కాగితం మీద ఒత్తేటప్పుడు ఒక్కొక్కరూ వాకిలి వంక ఎన్నిసార్లు చూసుకున్నారో ఆవిడకి తెలుసు.

అప్పుడు సైకిలు గంట వినపడింది. ఆగకుండా మోగుతోంది.

పేట ఆడవాళ్ళు నలుగురు తోసి వదిలిన దానమ్మ, గోచీ చీరతో, బిగబట్టిన పళ్ళతో గానుగ మీదికి వచ్చేస్తోంది. ఆరుగురు మగవాళ్ళూ ఆరు సైకిళ్ళతో దారికి అడ్డంగా నిలబడి ఉన్నారు. ఆమె రావడం చూసి చెల్లాచెదరయ్యారు. "దిగు దానమ్మా! దిగు!" అని అందులో ఒకడు అరిచాడు, భయంతోనో అలవాటుతోనో.

"దిగటం రాదురా నాయనా!" అని అంతకన్నా గట్టిగా అరుస్తూ దానమ్మ పెద్దవీధిలోకి వెళ్ళిపోయింది.

అరుగుల మీదివాళ్ళు లేచి నిలబడ్డారు. ఆపడానికి కాదు, మీద పడుతుందేమోనని. ఒక గేదె బెదిరి పలుపు తెంపుకుంది. ప్రకాశం సైకిలు కింద పడేసి వదిన వెనక పరుగందుకున్నాడు. ఆ పరుగులో చెప్పులు విప్పటం మరిచిపోయాడు. ఆ సంగతి అతనికీ తెలియలేదు, వీధికీ తెలియలేదు. రెండు ఫర్లాంగులు అతను చెప్పుల కాళ్ళతోనే పరిగెత్తాడు, అయినా అందుకోలేకపోయాడు. దానమ్మ గంట కొడుతూనే వచ్చి తహసీల్దారు బల్లని గుద్దుకుంది. సిరాబుడ్డి ఎగిరి ఆయన తెల్ల ప్యాంటు మీద పడింది. ఆమె పక్కకి పడింది. ఎడమ మణికట్టు విరిగింది.

ఇద్దరు బంట్రోతులు లేవదీశారు. తహసీల్దారు తన ప్యాంటు వంక చూసుకుని, ఆమె వంక చూసి, "అందరూ అక్కడే దిగారు గదమ్మా, నువ్వెందుకు దిగలేదు?" అని అడిగాడు.

"నాకు దిగటం నేర్పలేదండీ బాబూ," అంది దానమ్మ, నొప్పితో ఏడుస్తూ.

ఆయన నవ్వబోయాడు. అంతలో ఆయన చూపు వీధి మొదటికి పోయింది. గానుగ దగ్గర అయిదుగురు మగవాళ్ళు సైకిళ్ళు పట్టుకుని తలలు వంచుకుని నిలబడి ఉన్నారు. నవ్వు ఆగిపోయింది. తర్వాత సిరా మిగిలిన పెన్నుతో నాలుగు ముక్కలు రాశాడు. దిగడం నేర్చినవాళ్ళు దిగారని, నేర్వని మనిషి దిగలేదని, కాబట్టి దిగడం మర్యాద కాదని, నేర్పిన భయమని. శనివారం దండోరా పడింది.

సువార్తమ్మ గారు కళ్ళజోడు పెట్టుకున్నారు. సంగతి అయిపోయిందనుకుని ఎలీషా, "అయితే ఆ తహసీల్దారుకి కృతజ్ఞత చెప్పాలంటారా?" అన్నాడు.

"ఆయన మంచివాడే. ప్యాంటు ఉతికిచ్చాం. మరక పోలేదు."

"దానమ్మకా?"

"ఆమె ఒప్పుకోలేదు. సైకిలు దానంతటదే పోయింది, నేనేం చేశానంది."

ఆ గురువారం సాయంత్రం ఆస్పత్రి వరండాలో దానమ్మ కట్టు కట్టించుకుని బెంచీ మీద కూర్చుంది. సువార్తమ్మ గారు పక్కనే ఉన్నారు. ప్రకాశం దూరంగా స్తంభానికి ఆనుకుని నిలబడ్డాడు. దానమ్మ అతన్ని దుమ్మెత్తిపోసింది. "పది రోజులు అడిగాను గదరా, దిగటం నేర్పు దిగటం నేర్పు అని! ఆ ఒక్క ముక్క చెబితే నీ సొమ్మేం పోయింది? చంపబోయావు గదరా నన్ను!"

ప్రకాశం వచ్చి ఆమె కాళ్ళ దగ్గర కూర్చున్నాడు. "మా అయ్య నాకు ముందు దిగటమే నేర్పాడు వదినా," అన్నాడు. "ఎక్కటం ఆ తరవాత. ఏ ఇంటి ముందు దిగాలి, ఎవరు ఎదురైతే దిగాలి, అన్నీ వరసగా చెప్పి, అప్పజెప్పించుకుని, అప్పుడు సీటు మీద కూర్చోబెట్టాడు. నన్ను కొట్టకుండా ఉంటారని నేర్పాడు పాపం. అది నా కాల్లో ఉండిపోయింది. ఇవాళ నువ్వూ చూశావుగా. నీకు నేర్పుదామని రోజూ అనుకునేవాణ్ణి. నోరు రాలేదు. ఒక్క మనిషికన్నా అది రాకుండా ఉంటే బాగుండుననిపించింది."

దానమ్మ తిట్టడం ఆపేసింది. బాగున్న చేత్తో అతని తల నిమిరింది. "సరేలేరా. ఇక నేర్పు మరి. నా గుమ్మం ముందరన్నా దిగాలి గదా," అంది. ఇద్దరూ నవ్వారు, ఏడ్చారు. పక్కన కూర్చున్న పంతులమ్మ గారు కూడా కళ్ళు తుడుచుకున్నారు. ఆ తర్వాత తను ఎన్ని సభలు చూశారో, ఎంత పెద్దవాళ్ళకి దండలు వేశారో లెక్కలేదు గానీ, మనసారా దణ్ణం పెట్టాలనిపించింది మాత్రం దానమ్మ కాళ్ళ దగ్గర కూర్చున్న ఆ మనిషికేనని సువార్తమ్మ గారు చెప్పారు. ప్రకాశం పోయి ఇరవయ్యేళ్ళయింది. ఇప్పటికీ పొద్దున లేవగానే అతని పేరు తలుచుకుంటారట.

ఎలీషా తల వంచుకుని ఆలోచిస్తున్నాడు. ఏ ఆఫీసులోకైనా అడగకుండా వెళ్ళి కుర్చీ లాక్కుని కూర్చోవడం అతనికి చిన్నప్పటినుంచీ అలవాటు. అది తన పొగరే అనుకునేవాడు. ఎవరి ముందు ఎక్కడ నిలబడాలో, ఎవరి గడప ఎంత దూరాన ఆగాలో, ఎవరింటి ముందు గొంతు తగ్గించాలో ఇంట్లో ఎవరైనా తనకి చెప్పారా అని వెతుక్కున్నాడు. ఒక్క మాటా గుర్తు రాలేదు.

"అమ్మా, మా ఇంట్లో..." అని మొదలుపెట్టి ఆగిపోయాడు.

సువార్తమ్మ గారు లేచి చాప చుడుతున్నారు. "మీ నాన్నకి దిగటం బాగా వచ్చు నాయనా," అన్నారు. "నీకే రాదు."