వరసలోంచి పారిపోయేవాడు

భద్రాచారి గారిని ప్రశ్న అడిగితే జవాబు చెప్పరు, పని చెబుతారు. సూది మత్తుకు అలవాటుపడ్డవాళ్లకు వైద్యం చేసే కేంద్రంలో ఆయన పెద్ద డాక్టరు. ఆయన దగ్గర పని నేర్చుకుంటున్న సుధీర, ఈ సంగతి తెలిసి కూడా ఒకరోజు ఉండబట్టలేక అడిగేసింది.

"గురువుగారూ, ఏసుపాదానికి కాలేయాన్ని పాడుచేసే హెపటైటిస్-సి అని తేలి ఏడాదైంది. కొన్ని నెలలు మందు మింగితే నయమయ్యే జబ్బు. ఆ మందు కోసం పెద్దాసుపత్రికి పంపిన ప్రతిసారీ వరసలోంచి పారిపోయి వస్తాడు. ప్రాణం మీద తీపి లేనివాడి కోసం మనమెందుకు పాకులాడటం?"

"రేపు అతనితో నువ్వూ వెళ్లమ్మా. మెళ్లో ఆ స్టెతస్కోపు మాత్రం వద్దు," అన్నారాయన.

మర్నాడు పొద్దున్నే ఇద్దరూ ఆసుపత్రి వరసలో నిలబడ్డారు. మనసు మత్తు మీదికి పోకుండా ఏసుపాదం రోజూ నాలుక కింద పెట్టుకునే మాత్ర, కేంద్రంలో తొమ్మిదింటికి గానీ ఇవ్వరు. ఇక్కడ టోకెన్లు అయిపోయేదీ సరిగ్గా ఆ వేళకే. ఎవరి గడియారం వాళ్లది, మధ్యలో నలిగేది మాత్రం ఏసుపాదం.

కాసేపటికి, మాత్ర ఇంకా పడక, అతనికి ఆవులింతలు మొదలయ్యాయి. ముక్కు కారింది, చొక్కా చెమటతో తడిసి ముద్దయింది. వెనకున్నావిడ పిల్లను చటుక్కున పక్కకి లాక్కుంది. సుధీరకు ఆ తల్లి మీద కోపం వచ్చింది. నిన్నటిదాకా తన చూపూ అలాంటిదేనని గుర్తొచ్చి సిగ్గేసింది. కౌంటరు ఇంకెంతో దూరం లేదు.

"ఇంకాస్త ఓర్చుకోండి, వచ్చేశాం," అంది.

ఏసుపాదం తల అడ్డంగా ఊపాడు. "నా వల్ల కాదు డాక్టరమ్మా. ఇంకాసేపుంటే ఈ కాళ్లు నా మాట వినవు. ఆ గోడెనకాలే సూదులమ్ముతారు. నన్ను మన సెంటరుకి తీసుకుపోండి."

అంటూనే వరసలోంచి బయటపడి, గోడవైపు చూడకుండా రోడ్డు మీదికి పరుగెత్తాడు. సుధీర ఆటో ఆపి ఎక్కించింది. దారంతా అతను వణుకుతూనే ఉన్నాడు. ఆమెకు ఏడుపొక్కటే తక్కువ. ఇన్నాళ్లూ అతను పారిపోయాడని రాసుకుందే గానీ, ఎటు పారిపోయాడో అడగనేలేదు.

కేంద్రంలో మాత్ర నాలుక కింద పెట్టుకుని ఏసుపాదం కళ్లు మూసుకున్నాడు. వణుకు నెమ్మదించేదాకా పక్కనే ఉండి, సుధీర గురువుగారి గదిలోకి వెళ్లింది.

"రేపు ఇంకా పెందలాడే బయల్దేరతాం గురువుగారూ," అంది.

"అతను వెళ్తూనే ఉన్నాడు కదమ్మా," అన్నారాయన. "ఆ హెపటైటిస్ మందే మన సెంటరుకి ఒక్కసారీ రాలేదు."